ఎత్తినవి రెండు వందల నలభై

ఇంకొకరు పని చేస్తుంటే పక్కన నిలబడి చూడటం ఆయన ఉద్యోగం. మాటవరసకు అన్నది కాదు, నిజంగానే అంతే. ఏ గోదాములోనో, బట్టల మిల్లులోనో, ఆసుపత్రి వంటగదిలోనో ఒక మూల నిలబడతాడు. మెడలో స్టాప్‌వాచీ, నడుముకు టేపు, చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు. ఎదుటి మనిషి ఎన్నిసార్లు వంగాడు, ఎంత ఎత్తుకు చేయి చాపాడు, ఎన్ని కిలోలు మోశాడు, ఎంతసేపు నిలబడ్డాడు అని రాసుకుంటాడు. ఆ లెక్కలన్నీ ఒక పట్టికలో వేస్తే ఆ పని తేలికదా, మధ్యరకమా, బరువైనదా, అతి బరువైనదా అన్నది తేలుతుంది. దాన్ని బట్టి ఆ పనివాళ్ళకు ఎంత విశ్రాంతి ఇవ్వాలో, నడుము పట్టేసినవాణ్ణి మళ్ళీ అదే పనిలో పెట్టవచ్చో లేదో పైవాళ్ళు నిర్ణయిస్తారు. ఆఫీసు కాగితాల మీద ఆయన హోదా రెండు లైన్ల పొడవుంటుంది. పనివాళ్ళు మాత్రం అంత ఓపిక లేక టేపు సారు అని పిలుస్తారు.

టేపు సారుకు కొలవకుండా ఉండటం చేతకాదు. బస్సెక్కితే మెట్టు ఎంత ఎత్తుందో చూస్తాడు. సినిమాకు వెళితే కుర్చీ వీపు ఎక్కడ వంగిందో తడుముతాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, డాక్టరు ఈయన రక్తపోటు చూసేలోపు ఈయన డాక్టరు మెడ ఎన్ని డిగ్రీలు వంగిందో చూసి, బల్ల కాస్త పైకి జరపమని సలహా ఇచ్చి వస్తాడు. ఫీజు మాత్రం ఈయనే కడతాడు.

ఇంట్లో వంటగట్టు సంగతి బంధువులందరికీ తెలుసు. ఆయన భార్య బడిలో టీచరమ్మ. ఒకసారి ఆవిడ నడుము నొప్పి అంది. అన్నదే పాపం. గట్టు ఎత్తు తక్కువని తేల్చి, ఆవిడను నిలబెట్టి మోచేతి దాకా కొలిచి, మేస్త్రీని పిలిచి ఉన్న గట్టు పడగొట్టించి కొత్తది కట్టించాడు. లెక్కలో మిల్లీమీటరు తేడా లేదు. తేడా ఎక్కడంటే, కొలిచిన రోజు ఆవిడ అప్పుడే బడి నుంచి వచ్చింది, కాళ్ళకున్న ఎత్తు చెప్పులు విప్పలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడాలంటే చెప్పులు వేసుకోవాలి. వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుంటే టీచరమ్మ శాంతంగా చెబుతుంది, "కొలతలు కరెక్టేనండీ, నేనే పొట్టి" అని. ఆయన కూడా దాన్ని పొరపాట్ల కింద వేసుకోడు. కొలిచింది సరిగ్గానే కొలిచాడు, చెప్పుల సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

అలా ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన రాసిన కాగితం ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ మాట ఆయన ఏడాదికి నాలుగైదుసార్లు ఏదో ఒక వంకన అంటూ ఉండేవాడు. అందుకే ఆ రోజు సూపరింటెండెంటు పిలిచి, బల్ల మీద ఒక కాగితం పెట్టి, కళ్ళజోడు పైనుంచి చూస్తే ఆయనకు ముందు ఏమీ అర్థం కాలేదు.

"ఏమండీ, అంబులెన్సు ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ళు రోజుకు ఎంత బరువు ఎత్తుతారు?"

"ఏమీ ఎత్తరు సార్. కూర్చుని చేసే పని."

"మీ సంతకం ఆరు టన్నులంటోంది."

టేపు సారు కాగితం తీసుకుని చూశాడు. అక్షరాలా ఆరు టన్నులే. కింద సంతకం కూడా ఆయనదే, తోక తిప్పడంతో సహా.

జరిగింది ఇదీ. ఆ ఏడాది చూడాల్సిన చోట్లు ఎక్కువై, చిన్న ఆఫీసులకు వెళ్ళే తీరిక లేక, అక్కడివాళ్ళనే నింపి పంపమని ఫారాలు పంపారు. అందులో మూడో ప్రశ్న, "ఎత్తుట: రోజుకు సుమారు ఎన్నిసార్లు?" అంబులెన్సు ఆఫీసులో ఫారం నింపింది ఒకటో నంబరు సీట్లో కూర్చునే ఆవిడ. తోటివాళ్ళు ఒకటో నంబరక్క అంటారు. రోజంతా ఫోన్లెత్తే మనిషిని పట్టుకుని రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతావు అని అడిగితే ఏం రాస్తుంది? నిజాయితీగా ఆలోచించి రెండు వందల నలభై అని రాసింది. నాలుగో ప్రశ్న, "ఎత్తిన వాటిలో అన్నిటికన్నా బరువైనది?" దానికి ఆవిడ, "ముందే చెప్పలేం. ఒక్కోటి చాలా బరువు" అని రాసింది. ఆ గడిలో అంకె తప్ప మాట పట్టదు. టైపు చేసే గుమాస్తా చాలా బరువు అంటే చాలా బరువే కదా అనుకుని, ఉన్నవాటిలో పెద్దదైన ఇరవై అయిదు కిలోలు వేశాడు. మిగతాది కంప్యూటరు గుణించుకుంది. నూట ఎనభై కాగితాల కట్టలో అదొకటిగా వచ్చి టేపు సారు బల్ల మీద పడింది. ఆయన సంతకాలు పెట్టుకుంటూ పోయాడు. గిన్నెడు పప్పులో కాలేసినా ఆయనకు చప్పుడు వినపడలేదు.

అతి బరువైన పనికి గంటన్నరకొకసారి పదిహేను నిమిషాల విశ్రాంతి, నడుము వాల్చడానికి ఒక గది, ఇవి రూలు. అంబులెన్సు ఆఫీసువాళ్ళు కాగితం వచ్చిన మర్నాటినుంచే అమలు చేశారు. మూడు నెలలు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. చివరికి ధాన్యం గోదాములో మూటలు మోసేవాళ్ళు గొడవ చేశారు. మూటలు మోస్తే బరువైన పని, ఫోన్లు మోస్తే అతి బరువైన పనా, మమ్మల్ని కూడా ఫోన్ల దగ్గరికి మార్చండి అన్నారు.

"ఇందులో మళ్ళీ చూసేదేముంది," అన్నాడు సూపరింటెండెంటు. "తేలిక పని అని దిద్ది ఇచ్చేయండి. అరగంట."

"చూడకుండా రాయను సార్."

"పోయినసారి చూడకుండానే కదా రాశారు."

టేపు సారు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం సగంలో వదిలేశాడు. సంగతంతా విని టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆఖరికి ఆయన మొహం చూసి ఆపుకుంది గానీ, గిన్నెలు కడుగుతూ మళ్ళీ ఒకసారి నవ్వింది.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా ఆయన అంబులెన్సు ఆఫీసులో ఉన్నాడు. పొడవాటి గది, ఆరు సీట్లు, ఆరు తెరలు, గోడంతా ఒక పటం. పటం మీద చిన్న చిన్న దీపాలు అంబులెన్సులతోపాటు కదులుతున్నాయి. ఒకటో నంబరక్కకు నలభై ఏళ్ళుంటాయి. ఈయన ఎందుకొచ్చాడో ముందే తెలిసినట్టు లేచి నిలబడింది.

"నావల్లే వచ్చింది సార్ ఇదంతా. ఎత్తడం అంటే ఫోనే అనుకున్నాను. ఇక్కడ పొద్దస్తమానం మా నోట ఉండేది ఆ మాటే."

"మీ తప్పేం లేదమ్మా. ఫోనెత్తడం కూడా ఎత్తడమే. అచ్చు వేసినవాళ్ళకు తట్టలేదు."

"మరి ఇప్పుడు విశ్రాంతి తీసేస్తారా?"

"లెక్కలో ఏమొస్తే అది."

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "తీసేస్తే నేను ఉండను సార్. బెదిరిస్తున్నాననుకోకండి. పోయినేడాది ఇద్దరు మానేశారు. మూడోదాన్ని నేనే అవ్వాల్సింది, కాగితం కూడా రాసి సంచిలో పెట్టుకున్నాను. అంతలో మీ ఆరు టన్నులొచ్చాయి."

టేపు సారు గతుక్కుమన్నాడు. ఆయన జీవితంలో ఒకే ఒక్క తప్పు చేస్తే, అది కాస్తా ఒక మనిషికి ఆసరా అయి కూర్చుంది. ఇప్పుడు దాన్ని దిద్దడానికి వచ్చింది కూడా ఆయనే. తప్పు అంకెను అలాగే ఉంచుదామా అంటే, తెలిసి తెలిసి అబద్ధం రాయడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

కొలతలు మొదలుపెట్టాడు. కుర్చీ ఎత్తు బాగుంది. బల్ల ఎత్తు బాగుంది. తెర కంటికి ఎదురుగా ఉంది. వంగడం లేదు, చాపడం లేదు, మెట్లెక్కడం లేదు. ఫోనెత్తడం అంటారు గానీ అక్కడ ఎత్తడానికి ఫోనే లేదు. తలకు తగిలించుకునే ఇయర్‌ఫోను, నొక్కడానికి ఒక బటను. జేబులోంచి చిన్న త్రాసు తీసి దాన్ని కూడా తూచాడు. అరవై రెండు గ్రాములు. కాగితం మీద గడులన్నీ సున్నాలతో నిండుతుంటే ఒకటో నంబరక్క పని చేసుకుంటూనే ఓరకంట చూస్తోంది. ఒక్కో సున్నాకూ ఆవిడ మొహం కాస్త కాస్త చిన్నబోతోంది.

పని వినకుండా చూడటం కుదరదని ఆయన కూడా ఒక ఇయర్‌ఫోను అడిగి తీసుకుని చెవికి పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

మొదట్లో సరదాగానే ఉంది. ఒకాయన వేలు సీసాలో ఇరుక్కుంది, అంబులెన్సు పంపుతారా లేక ఆయన్నే సీసాతో రమ్మంటారా అని అడిగాడు. ఇంకొకావిడ, మా అమ్మాయి పొద్దున్నుంచీ మాట్లాడటం లేదు అంది. ఒకటో నంబరక్క చకచకా వయసు, ఇంటి నంబరు అడిగి, ఊపిరి ఆడుతోందా అంటే, "ఊపిరి బాగానే ఉందమ్మా, నా మీద అలిగింది" అంది. టేపు సారు నవ్వాపుకోలేక కాగితం అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఒకరు మెట్ల మీదనుంచి పడ్డారు. ఒకరికి ఛాతీలో నొప్పి. ఒకడు అడ్రసు చెప్పకుండా తిడుతూనే ఉన్నాడు. ఒకటో నంబరక్క ఆ తిట్లు వింటూనే పటంలో దగ్గరి బండి ఏదో చూసి, చేత్తో టైపు చేస్తూ, పక్క సీటుకు సైగ చేసి, గొంతు మాత్రం పెంచకుండా, "సార్, మీ వీధి మొదట్లో ఏముంటుందో చెప్పండి చాలు" అని అడ్రసు రాబట్టింది.

పది దాటాక ఒక ముసలాయన ఫోను వచ్చింది.

"అమ్మా, ఇబ్బంది పెడుతున్నాను, ఏమనుకోకండి. మా ఆవిడ లేవడం లేదు."

ఒకటో నంబరక్క ఒక్క క్షణంలో అడ్రసు రాసుకుని బండి పంపింది. "తాతగారూ, ఫోను స్పీకర్లో పెట్టి కింద పెట్టండి. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి ఆవిడ ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కండి. నేను లెక్కపెడతాను, నాతోపాటు మీరూ లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

ముసలాయన లెక్కపెట్టాడు. మధ్యలో ఒకసారి, "ఏమనుకోకండి, నా చేతుల్లో బలం లేదు" అన్నాడు. "చాలా బాగా చేస్తున్నారు, ఆపకండి, ఒకటి, రెండు" అందావిడ. మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడు నిమిషాలు. ఆఖర్న తలుపు చప్పుడు, ఎవరివో అడుగులు, "పక్కకు జరగండి తాతా" అన్న మాట వినిపించి లైను తెగిపోయింది. ఆ తర్వాత ఏమైందో ఫోన్లెత్తేవాళ్ళకు ఎవరూ చెప్పరు.

బటను వెలిగింది. లైను తెగి తొమ్మిది సెకన్లే అయింది.

"అంబులెన్సు, చెప్పండి."

"మీ బండ్లలో ఏసీ ఉంటుందా?"

"ఉంటుంది సార్. ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఊరికే తెలుసుకుందామని."

టేపు సారు రాయబోయి కాగితం వంక చూశాడు. ముసలాయన లైను తెగినప్పటినుంచీ ఒక్క అక్షరం పడలేదు. స్టాప్‌వాచీ చూస్తే నాలుగు నిమిషాలు. ఇరవై రెండేళ్ళలో ఆయన కాగితం మీద నాలుగు నిమిషాల ఖాళీ ఎప్పుడూ లేదు. ఆ నాలుగు నిమిషాల్లో ఒకటో నంబరక్క ఇంకో మూడు ఫోన్లు ఎత్తింది. ఆయనకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటున్నట్టు జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు.

పదిన్నరకు విశ్రాంతి. ఒకటో నంబరక్క చిన్న గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని గోడ చూస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క ప్రశ్నమ్మా. ఒక్కోటి చాలా బరువు అని రాశారు. ఇందాకటి ముసలాయనదా?"

"అది మధ్యరకం సార్. ఆయన లెక్కపెట్టాడు కదా. అవతల ఎవరో లెక్కపెడుతున్నంతసేపూ నయమే." ఆవిడ ఒక గుక్క తాగింది. "బరువైనవంటే, అవతల ఎవరూ మాట్లాడరు. లైను తెరిచే ఉంటుంది, ఊపిరి వినిపిస్తుంది. అమ్మా, అయ్యా, ఎక్కడున్నారు అని అడుగుతూనే ఉండాలి. కాసేపటికి ఊపిరి కూడా వినపడదు. అవి ఎత్తాక మాత్రం ఈ గదిలోకి రావాలి సార్. రాకుండా ఇంకోటి ఎత్తితే, అవతల పిల్లాడి మోకాలు గీరుకుపోయిందన్నా నాకు ఏడుపొస్తుంది. పిల్లాడి తల్లి భయపడుతుంది."

"ఇంట్లో చెబుతారా?"

"ఏమని చెప్పను? ఇవాళ ఫోనెత్తానని చెప్పనా? ఎత్తితే ఏమైంది అంటారు."

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. టేపు సారు ఫారానికి రెండో పేజీ కూడా ఉంది. పైన "మానసిక శ్రమ" అని అచ్చు వేసి ఉంటుంది. ఒకేసారి ఎన్ని విషయాలు మనసులో పెట్టుకోవాలి, ఎంతలో నిర్ణయం తీసుకోవాలి, తప్పు జరిగితే ఏమవుతుంది, ఎదుటివాళ్ళ ఏడుపూ కోపమూ ఎంతసేపు భరించాలి, ఇలాంటివి అడుగుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆ పేజీలో మొదటి గడిలో "సాధారణం" అని రాసి, కింద వరసంతా డిట్టోలు పెట్టేవాడు. మనసుకు టేపు పెట్టలేం కదా అన్నది ఆయన వాదన. ఆఫీసులో ఎవరూ కాదనలేదు, ఎందుకంటే మిగతావాళ్ళు ఆ డిట్టోలు కూడా పెట్టేవాళ్ళు కాదు.

ఆయన సీటు దగ్గరికి వెళ్ళి, కుర్చీలో సర్దుకుని, రెండో పేజీ తిప్పాడు. మధ్యాహ్నం మూడింటిదాకా కదల్లేదు. టేపు పెట్టలేమన్నది వట్టి సాకని గంటలో తెలిసిపోయింది. ప్రతి ఫోనుకూ మాట వినడం, టైపు చేయడం, పటం చూడటం, సైగ చేయడం, అన్నీ ఒకేసారి. ఏ బండి పంపాలో తేల్చడానికి సగటున పదకొండు సెకన్లు. ఏడ్చేవాళ్ళు ఎంతమంది, తిట్టేవాళ్ళు ఎంతమంది, ఊరికే తెలుసుకుందామనేవాళ్ళు ఎంతమంది. ఒక బరువైన ఫోనుకూ తర్వాతిదానికీ మధ్య ఎంత వ్యవధి. తప్పు జరిగితే ఏమవుతుందన్న గడి దగ్గర కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, "మనిషి పోతాడు" అని రాశాడు. ముసలాయన ఫోను గురించి జరిగింది జరిగినట్టు ఆరు లైన్లు రాశాడు. ఆ రోజు ఎత్తిన ఫోన్లు రెండు వందల ముప్పై ఒకటి.

ఇంటికి వెళ్ళి మార్కులు వేశాడు. రూలు ప్రకారం రెండు పేజీలకూ సమాన విలువ. రెండూ కలిపి ముప్పై దాటితే అది అతి బరువైన పనే, విశ్రాంతి తప్పనిసరి. మొదటి పేజీకి మూడు వచ్చాయి. రెండోదానికి ముప్పై ఎనిమిది. ఆయన మూడుసార్లు కూడాడు. టీచరమ్మ చేత ఇంకోసారి కూడించాడు. ఆవిడ కూడి, పేజీలు చదివి, ఈసారి నవ్వలేదు. "ఇన్నాళ్ళూ మీరు డిట్టోలు పెట్టినవాళ్ళ సంగతేంటండీ?" అని మాత్రం అడిగింది. బస్సు డ్రైవర్లు, నర్సులు, క్రేను మీద కూర్చునేవాళ్ళు, ఆయన డిట్టోల కింద ఎంతమంది ఉన్నారో ఆయనకే లెక్క తెలియదు.

పొద్దున్నే సూపరింటెండెంటు కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "మళ్ళీ అతి బరువేనా?"

"ఈసారి టన్నులు లేవు సార్. ఎత్తిన బరువు సున్నా అని దిద్దాను. రెండో పేజీ చూడండి."

"రెండో పేజీ ఉందా?"

చూశాడు. మొదట విసుగ్గా, తర్వాత నెమ్మదిగా. ఆరు లైన్ల దగ్గర చాలాసేపు ఆగాడు. ఆ తర్వాత మార్కుల పట్టిక తెప్పించి, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వేలు పెట్టి వరసగా చూశాడు. దొరకలేదు. ఉసూరుమంటూ సంతకం పెట్టాడు.

"ఇక ప్రతివాడూ రెండో పేజీ నింపమంటాడు."

"నింపాలి కదా సార్. ఇన్నేళ్ళనుంచీ అచ్చు వేస్తూనే ఉన్నాం. పాతవి కూడా మళ్ళీ చూడాలి, నేనే వెళతాను."

ఇంకొక్క సంతకం మిగిలింది. "ఇందులో రాసినది నా పనే" అన్న లైను కింద పని చేసే మనిషి సంతకం. ఎప్పుడూ ఎవరూ చదవరు, ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెట్టేస్తారు. టేపు సారు విశ్రాంతి వేళకే వెళ్ళి ఒకటో నంబరక్కకు కాగితాలిచ్చాడు. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. "ఎత్తినవి: సున్నా" దగ్గర ఆగి తలెత్తి చూసింది.

"పేజీ తిప్పండి," అన్నాడాయన.

తిప్పింది. చాలాసేపు చదివింది. ఒకచోట వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. సంతకం పెట్టి, కాగితం మాత్రం ఇవ్వకుండా పట్టుకుంది.

"విశ్రాంతి ఉన్నట్టే కదా సార్?"

"ఉన్నట్టే. ఇక తీయరు."

"నాకొక కాపీ ఇస్తారా? ఆఫీసుకు కాదు, ఇంటికి." ఆవిడ కాగితాల అంచులు సరిచేసింది. "రోజూ పొద్దున నేను బయల్దేరుతుంటే మా అత్తగారు, వెళ్ళు తల్లీ, హాయిగా కుర్చీలో కూర్చుని నాలుగు కబుర్లు చెప్పిరా అంటుంది. వెటకారం కాదు సార్, ఆవిడ నిజంగానే అలా అనుకుంటుంది. తొమ్మిదేళ్ళయింది. ఒక్కరోజు కూడా కాదని చెప్పలేకపోయాను. ఎలా చెప్పాలో తెలిసేది కాదు."

టేపు సారు కాగితాలు తీసుకుని వరండాలోని కాపీ మిషను దగ్గరికి నడిచాడు. మూత ఎత్తుతుండగా వెనకనుంచి ఆవిడ వచ్చింది.

"సార్, అక్షరాలు పెద్దవిగా వస్తాయా? ఆవిడకు చూపు సరిగా ఆనదు."

వస్తాయి. ఏ బటను నొక్కాలో వెతుక్కోవడానికి కాస్త సమయం పట్టింది. ఆ పెద్ద అక్షరాల్లో రెండో పేజీ ఒక్కటే నాలుగు కాగితాలైంది. ఆయన వాటిని వరసగా సర్ది క్లిప్పు పెట్టి ఇచ్చాడు. విశ్రాంతి ఇంకా రెండు నిమిషాలుంది. ఆ రెండు నిమిషాలూ ఒకటో నంబరక్క గోడకు ఆనుకుని, ఎదురుగా ఎవరికో వినిపిస్తున్నట్టు పెదాలు కదుపుతూ, మొదటి కాగితం నెమ్మదిగా చదువుకుంది.